మనవాళ్ళు ఎవరు?
(సంస్థ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో చదువు గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను పిలుస్తారు. పదో తరగతి ఫలితాలు, మన ఆడపిల్లల చదువులు, స్కాలర్‌షిప్పులు, ఇవే చెప్పి కూర్చుంటాను. ఈసారి అవి చెప్పను. నాలుగేళ్ళుగా నా మీద ఒక బాకీ ఉంది. ఒక పిల్లవాడికి నేను ఇవ్వాల్సిన జవాబు అది. వ్యాపారులు చాలామంది ఉన్న సభ ఇది. బాకీ అంటే ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. దాన్ని మీ అందరి ఎదుట తీర్చుకుందామని లేచాను.

2021 అక్టోబరు. కరోనా తర్వాత బడులు తెరిచిన కొత్త. దసరా సెలవులు అయిపోయి పిల్లలు తిరిగొచ్చిన మొదటి రోజు. పదో తరగతిలో సాంఘిక శాస్త్రం పాఠం మొదలుపెట్టబోతున్నాను. మూడో బెంచీలోంచి ఒకడు లేచి నిలబడ్డాడు. మన పిల్లవాడే. ఈ సంస్థ ఇచ్చిన నోటుపుస్తకాలతో చదువుకుంటున్నవాడే.

"సార్, కశ్మీర్‌లో బడిలోకొచ్చి టీచర్లను కాల్చి చంపారట. చంపింది మనవాళ్ళేనట. నిజమేనా సార్?"

తరగతిలో నలభై మంది దాకా ఉన్నారు. ముస్లిం పిల్లలు ఏడెనిమిది మందే. అందరూ ఒక్కసారిగా నా మొహంలోకి చూశారు. పిల్లవాడి ప్రశ్నను మధ్యలో తుంచెయ్యకూడదని బి.ఎడ్‌లో చదువుకున్నవాణ్ణి. కొత్తగా ఉద్యోగంలో చేరిన టీచర్లకు శిక్షణ తరగతుల్లో అదే నేర్పినవాణ్ణి. ఆ రోజు మాత్రం, "అవన్నీ మనకెందుకురా, పుస్తకం తియ్యి" అన్నాను. వాడు కూర్చున్నాడు. పాఠం నడిచింది. గంట కొట్టారు.

ఎందుకలా అన్నానో దాచుకోకుండా చెబుతాను. భయమేసింది. అవునంటే, మిగతా పిల్లలు ఇంటికెళ్ళి ఏం చెబుతారో అని భయం. కాదంటే అబద్ధమవుతుందని భయం. ఇద్దరు ఉపాధ్యాయులు బడి ఆవరణలో చనిపోతే, సాటి ఉపాధ్యాయుడిగా నా నోట్లోంచి ఒక్క మాట రాలేదు. ఆ రోజు వాడికి చెప్పాల్సింది ఇవాళ మీకు చెబుతున్నాను.

ముందు జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం.

2021 అక్టోబరు 5 సాయంత్రం శ్రీనగర్‌లో ఒక మందుల షాపు యజమానిని ఆయన షాపులోనే కాల్చి చంపారు. ఆయన కశ్మీరీ పండిట్. 1990లో సాటి పండిట్లు ప్రాణభయంతో లోయ విడిచి వెళ్ళిపోతుంటే, వెళ్ళకుండా ఉండిపోయి షాపు నడుపుకుంటూ వచ్చిన మనిషి. ఊరు కాల్పులతో దద్దరిల్లిన ఏళ్ళలో కూడా మందు కావాలంటే ఆయన దగ్గర దొరుకుతుందని జనం నమ్మిన షాపు అది. అదే సాయంత్రం, అదే నగరంలో, బీహార్ నుంచి వచ్చి తోపుడు బండి మీద తినుబండారాలు అమ్ముకునే పేదవాణ్ణి కాల్చేశారు. అదే సాయంత్రం బందీపోరా జిల్లాలో టాక్సీ డ్రైవర్ల సంఘం పెద్దను చంపారు. ఆయన ముస్లిం. ఒక్క సాయంత్రం మూడు ప్రాణాలు. ఒకరు షాపులో కూర్చున్నవారు, ఒకరు బండి దగ్గర నిలబడ్డవారు, ఒకరు బండ్లు నడిపేవారి బాగోగులు చూసేవారు.

రెండు రోజులు గడిచాయి. అక్టోబరు 7న శ్రీనగర్ ఈద్‌గా ప్రాంతంలోని ప్రభుత్వ హయ్యర్ సెకండరీ స్కూల్లోకి తుపాకులతో జొరబడ్డారు. ప్రిన్సిపాల్‌నూ, ఒక ఉపాధ్యాయుణ్ణీ కాల్చేశారు. ప్రిన్సిపాల్ సిక్కు మహిళ. ఆ ఉపాధ్యాయుడు జమ్మూకు చెందిన హిందువు. ఒక ముస్లిం అనాథ బాలిక బాగోగులకు ఆమె తన జీతంలోంచి డబ్బు ఇచ్చేవారని ఆ రోజుల్లో పత్రికలు రాశాయి. ఈ సభలో కూర్చున్న దాతలు ఏ పని చేస్తున్నారో, ఆవిడ కూడా అక్కడ ఒంటరిగా అదే పని చేస్తూ ఉన్నారు. తూటా పేల్చినవాడు తీసింది ఒక్క ప్రాణమే అనుకుంటాం. ఆ వెనక ఒక అనాథ పిల్ల అన్నం ముద్ద కూడా ఉంది.

దుకాణాల మీదే ఎందుకింత కక్ష అని మీకు అనిపించవచ్చు. మీలో సగం మంది పొద్దున్నే షట్టరెత్తి, అగరుబత్తి వెలిగించో, బిస్మిల్లా చెప్పుకునో గల్లా దగ్గర కూర్చునేవాళ్ళే. కాబట్టి మీకు ఇది నాకంటే బాగా అర్థమవుతుంది. షాపు అంటే తెరిచి ఉంచే చోటు. అక్కడ కూర్చున్నవాడు వీధి వైపు మొహం పెట్టి, వచ్చినవాణ్ణి ఎవరని అడక్కుండా రమ్మంటాడు. పోలీసు చౌకీకి ఇసుక బస్తాలు అడ్డం ఉంటాయి. నాయకుడికి గన్‌మెన్ ఉంటారు. దుకాణదారుకి ఏముంటుంది? తక్కెడ ఉంటుంది, గల్లాపెట్టె ఉంటుంది. గిరాకీలాగా వచ్చి కాల్చిపోవడం కంటే సులువైన పని లేదు.

రెండో కారణం ఇంకా లోతైనది. బజారు తెరిచి ఉందంటే ఊరు మామూలుగా ఉందని లెక్క. మూసి ఉందంటే మామూలుగా లేదని లెక్క. అందుకని ఆ షట్టర్ మీద అందరికీ కన్నే. తెరిపించాలని ఒకళ్ళు, మూయించాలని ఒకళ్ళు. మధ్యలో నలిగేది దుకాణదారు.

ఇది ఎలా మొదలైందో చూడండి. 1989లో లోయలో సినిమా హాళ్ళు మూసెయ్యండి, మద్యం దుకాణాలు మూసెయ్యండి అని మిలిటెంట్ ముఠాలు హెచ్చరికలు పంపాయి. 1990 వచ్చేసరికి శ్రీనగర్‌లో హాళ్ళకు తాళాలు పడ్డాయి. ఆ రోజుల్లో మన ఊళ్ళో కూడా కొందరు పెద్దలు, "పోనీలే, మంచి పనేగా చేశారు" అనడం నేను విన్నాను. అప్పటికి నేను కుర్రవాణ్ణి. నాకూ అలాగే తోచింది. ఇప్పుడు తెలుస్తోంది. సారా దుకాణం మూతపడిందని మనం సంతోషించాం. తుపాకీ చూపించి మూయించారన్న సంగతి పట్టించుకోలేదు. తుపాకీ చేతికి తాళంచెవి ఒకసారి ఇచ్చాక, ఈ షట్టర్ వరకే, ఇక చాలు అని ఎవడూ ఆగడు. సారా దుకాణంతో మొదలుపెట్టినవాళ్ళు మందుల షాపు దాకా వచ్చారు.

మన ఊరికి ప్రతి చలికాలం శాలువాల మూటతో ఒక కశ్మీరీ వస్తాడు. మీలో చాలామంది అతని దగ్గర కొన్నవాళ్ళే. వాయిదాల మీద ఇచ్చి, మార్చిలో వెళ్ళిపోయేముందు వసూలు చేసుకుంటాడు. నాకు పదిహేనేళ్ళుగా తెలుసు. నన్ను మాస్టర్‌జీ అంటాడు. వాళ్ళన్నకి బారాముల్లా జిల్లాలో చిన్న కిరాణా కొట్టు ఉంది. 2016 జూలైలో బుర్హాన్ వానీ ఎదురుకాల్పుల్లో చనిపోయాక నెలల తరబడి బంద్‌లు నడిచాయి. ఏ రోజు మూయాలో, ఏ పూట తెరవాలో ప్రతి వారం క్యాలెండర్ వచ్చేది. పొద్దంతా మూసి, సాయంత్రం దీపాలు పెట్టే వేళకు తెరిచేవాళ్ళు. పాలు, బియ్యం, మందులు, అన్నీ ఆ రెండు మూడు గంటల్లోనే కొనుక్కోవాలి. ఆ చలికాలం అతను వచ్చినప్పుడు మా ఇంట్లో చాయ్ తాగుతూ ఒక మాట అన్నాడు. "మాస్టర్‌జీ, పొద్దున ఒకడొచ్చి తెరువు అంటాడు. రాత్రి ఇంకొకడొచ్చి మూయి అంటాడు. దుకాణం మాదే. తాళంచెవే మాది కాదు."

ఆ ఏడాదే లోయలో బడులకు కూడా నిప్పు పెట్టారు. ఇరవైకి పైగా బడి భవనాలు తగలబడ్డాయి. ఎవరు పెట్టారో చాలా చోట్ల ఈనాటికీ తేలలేదు. కాని నవంబరులో బోర్డు పరీక్షలు పెడితే, నెలల తరబడి పాఠాల్లేని ఆ పిల్లల్లో తొంభై శాతానికి పైగా వచ్చి పరీక్ష రాశారు. టీచరుగా నేను మర్చిపోలేని సంగతి ఇది. కాల్చేవాళ్ళు కాల్చారు. పిల్లలు మాత్రం హాల్‌టికెట్ పట్టుకుని వచ్చారు.

2019 ఆగస్టులో 370 అధికరణం రద్దయ్యాక మళ్ళీ బజార్లు మూతపడ్డాయి. ఫోన్లు లేవు, రోడ్ల మీద ముళ్ళకంచెలు. ఆగస్టు 29న శ్రీనగర్ శివారు పరింపోరాలో ఒక వయసు మళ్ళిన దుకాణదారును కాల్చి చంపారు. చేసిన తప్పల్లా దుకాణం తెరవడం. ఆయన ముస్లిం. సెప్టెంబరులో సోపోర్ దగ్గర ఒక పండ్ల వ్యాపారి ఇంట్లోకి వెళ్ళి కాల్పులు జరిపితే, రెండున్నరేళ్ళ పాపకు కూడా తూటా తగిలింది. అల్లాహ్ దయవల్ల ఆ పాప బతికింది. కశ్మీర్‌కు సెప్టెంబరు, అక్టోబరు అంటే ఆపిల్ కోతల కాలం. మనకు వరి కోతలు ఎలాగో వాళ్ళకు అది అలాగ. లక్షల కుటుంబాలకు ఏడాది తిండి ఆ చెట్ల మీదే ఉంటుంది. కాయ కొయ్యొద్దు, అమ్మొద్దు, లారీ ఎక్కించొద్దు అని పోస్టర్లు వెలిశాయి. అక్టోబరులో షోపియాన్‌లో సరుకు కోసం వచ్చిన లారీ డ్రైవర్లను చంపారు. పంజాబ్ నుంచి వచ్చిన ఆపిల్ వ్యాపారిని చంపారు. అక్టోబరు 29న కుల్గాంలో అయిదుగురు కూలీలను వరసగా నిలబెట్టి కాల్చేశారు. వాళ్ళు బెంగాల్‌లోని ముర్షిదాబాద్ నుంచి పొట్ట చేతబట్టుకొని వచ్చినవాళ్ళు. అయిదుగురూ ముస్లింలే.

ఇక్కడ ఆగి ఆ పిల్లవాడి ప్రశ్నకు వద్దాం. "చంపింది మనవాళ్ళేనా?" అన్నాడు వాడు. ముర్షిదాబాద్ కూలీ ఎవరివాడు? పరింపోరా ముసలాయన ఎవరివాడు? చంపినవాళ్ళ పేర్లు మన పేర్లలాంటివే కాబట్టి వాళ్ళు మనవాళ్ళయితే, చచ్చిపోయినవాళ్ళ పేర్లూ మన పేర్లలాంటివే. వాళ్ళెందుకు మనవాళ్ళు కాకుండా పోయారు?

ఇది నిన్నా మొన్నా మొదలైంది కూడా కాదు. 1990 ఏప్రిల్‌లో కశ్మీర్ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ ముషీరుల్ హక్‌ను ఎత్తుకుపోయి చంపారు. ఆయన ఇస్లామీ విద్యల్లో పేరున్న పండితుడు. అదే ఏడాది మే 21న శ్రీనగర్ జామియా మసీదు మీర్వాయిజ్ మౌల్వీ ఫారూఖ్‌ను ఇంట్లోకి వచ్చి కాల్చేశారు. పన్నెండేళ్ళ తర్వాత సరిగ్గా అదే తేదీన, ఆయన సంస్మరణ సభలోనే అబ్దుల్ గనీ లోన్‌ను చంపారు. 2018 రంజాన్ చివర్లో, ఈద్ రెండు రోజులుందనగా, ఇఫ్తార్ వేళకు ఆఫీసు నుంచి బయల్దేరిన సంపాదకుడు షుజాత్ బుఖారీని కాల్చేశారు. ఒక పండితుడు, ఒక ఖతీబ్, ఒక నాయకుడు, ఉపవాస మాసంలో ఒక పత్రికా సంపాదకుడు. ఇస్లాం పేరు చెప్పుకునే తుపాకీ వీళ్ళెవరినీ వదల్లేదు.

1990 నుంచి 2017 దాకా కశ్మీర్‌లో చనిపోయినవారు సుమారు 41 వేల మంది అని ప్రభుత్వ లెక్కలుగా పత్రికల్లో వచ్చింది. అందులో సుమారు 14 వేల మంది మామూలు పౌరులు. మన మండల కేంద్రం జనాభా ఎంతో ఒకసారి తలుచుకోండి. అంత ఊరు ఊరంతా ఖాళీ అయినట్టు.

నాకు తెలుసు, మీలో కొందరి మనసులో ఒక మాట మెదులుతోంది. "మాస్టారూ, మరి భద్రతా దళాల తూటాలకు పోయిన అమాయకులు? పెల్లెట్లు తగిలి కళ్ళు పోయిన పిల్లలు?" ఉన్నారు. మీర్వాయిజ్ ఫారూఖ్ జనాజా మీద జరిగిన కాల్పుల్లోనే హవల్ దగ్గర పదుల మంది చనిపోయారు. మిలిటెంట్లు ఆయన ప్రాణం తీస్తే, సాగనంపడానికి వచ్చినవాళ్ళ ప్రాణాలు ప్రభుత్వ తూటాలు తీశాయి. దాన్ని దాచమని నేను అనను. దానికి న్యాయం అడగాలి. కోర్టులో అడగాలి, పత్రికలో అడగాలి, ఓటుతో అడగాలి. కాని ఒక అన్యాయాన్ని చూపించి ఇంకో అన్యాయాన్ని కొట్టివెయ్యడానికి ప్రాణాలు గల్లా పద్దులు కావు. ఈ పక్క నాలుగు, ఆ పక్క నాలుగు, చెల్లుకు చెల్లు అనడానికి లేదు. ప్రతి పద్దు విడిగా రాయాల్సిందే, విడిగా తీర్చాల్సిందే.

ఇంకో మాట కూడా వినిపిస్తూ ఉంటుంది. "ఊరికే చంపుతారా? ఇన్‌ఫార్మర్ అయ్యుంటాడు." ఈ మాట మనకు కొత్తా? ఉత్తర తెలంగాణ పల్లెల్లో నక్సలైట్ల కాలం చూసినవాళ్ళం మనం. ఇన్‌ఫార్మర్ అన్న చీటీ శవం పక్కన పెట్టి వెళ్ళిన రోజులు ఎరుగుదుం. నిజమో కాదో అడిగే దిక్కుండేది కాదు. చీటీ రాసినవాడే ఫిర్యాది, వాడే జడ్జి, వాడే తలారి. చనిపోయినవాడి పెళ్ళాంపిల్లలు ఊళ్ళో తలెత్తుకుని నడవలేకపోయేవారు. కశ్మీర్‌లోనూ అదే చీటీ. 2019 తర్వాత ది రెసిస్టెన్స్ ఫ్రంట్ పేరుతో బయటికొచ్చిన ముఠా, షాపులో కూర్చున్నవాళ్ళను చంపి, తర్వాత ఏదో ఒక ముద్ర వేస్తూ వచ్చింది. ముద్ర వేశాక చంపలేదు, చంపాక ముద్ర వేశారు. ఆ ముద్రను మనం నమ్మితే, రెండోసారి చంపింది మనమే అవుతాం.

ధర్మం ఏం చెబుతుందో మీకు నేను చెప్పేటంతటివాణ్ణి కాను. ఇక్కడ ఆలిములు ఉన్నారు. అయినా ఒక టీచరుగా ఒక్క సంగతి గమనించమంటాను. మాయిదా సూరా 32వ ఆయతు మీ అందరికీ తెలిసిందే. అన్యాయంగా ఒకరిని చంపితే మానవజాతినంతా చంపినట్టేననీ, ఒకరిని బతికిస్తే అందరినీ బతికించినట్టేననీ అందులోని భావం. అక్కడ ముస్లిం ప్రాణం అని లేదు. ప్రాణం అనే ఉంది. అలాగే మొదటి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) సిరియా వైపు సైన్యాన్ని పంపుతూ ఏమేం చెయ్యకూడదో చెప్పారు. ఆడవాళ్ళను, పిల్లలను, ముసలివాళ్ళను చంపొద్దన్నారు. కాయలు కాసే చెట్టు నరకొద్దన్నారు. ఎదురుగా శత్రుసైన్యం ఉన్న యుద్ధంలోనే ఫలవృక్షం మీద చెయ్యి వెయ్యొద్దని కట్టడి చేసిన మతం మనది. ఆపిల్ కొయ్యడానికి వచ్చిన కూలీని, మోసుకెళ్ళే డ్రైవర్ని చంపి, అది ధర్మమంటే ఎవరు నమ్మాలి? మహాప్రవక్త (స) స్వయంగా వర్తకం చేసినవారు. అమానతు పెట్టుకోవడానికి మక్కావాసులు నమ్మిన మనిషి. బజారులో నమ్మకాన్ని చంపినవాడు ఆయన ఉమ్మత్‌కు ప్రతినిధి ఎలా అవుతాడు?

మందుల షాపు యజమాని చనిపోయాక ఆయన కూతురు కెమెరాల ముందుకొచ్చి నిలబడింది. దమ్ముంటే ఎదురుగా వచ్చి చర్చించమని హంతకులకు సవాలు విసిరింది. తాను హిందువునైనా ఖుర్ఆన్ చదివానని చెప్పింది. తండ్రి శవం ఇంట్లో ఉండగా ఆ అమ్మాయి మన గ్రంథాన్ని తిట్టలేదు. ఆవిడ మన ధర్మం మీద ఉంచిన ఆ గౌరవాన్ని నిలబెట్టాల్సింది ఎవరు? మనం.

ఇక పహల్గాం సంగతి. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర బైసరన్ మైదానంలో 26 మందిని చంపారు. మతం అడిగి మరీ చంపారు. భార్యల కళ్ళెదుట, పిల్లల కళ్ళెదుట. అందులో ఇద్దరు మన తెలుగువాళ్ళు. ఒకరిది విశాఖపట్నం, ఒకరిది నెల్లూరు జిల్లా కావలి. 26 మందిలో ఒకరు మాత్రం స్థానికుడు, గుర్రం మీద పర్యాటకులను తిప్పి పొట్ట పోసుకునే ముస్లిం యువకుడు. మిగతా గుర్రాలవాళ్ళు గాయపడ్డవాళ్ళను వీపు మీద మోసుకుని కొండ దించారు. ఒక శాలువాల వ్యాపారి దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి వీపున వేసుకుని పరుగెత్తిన వీడియో దేశమంతా చూసింది.

ఆ వీడియో చూడగానే మన ఊరికి వచ్చే అతను గుర్తొచ్చాడు. ఫోన్ చేశాను. రెండు రోజులు కలవలేదు. మూడో రోజు అతనే చేశాడు. గొంతు పూడుకుపోయి ఉంది. "మాస్టర్‌జీ, మా బజారంతా మూసేశాం. ఈసారి మమ్మల్ని ఎవరూ మూయమని బెదిరించలేదు. మేమే మూశాం. మా అన్న తన చేత్తో షట్టర్ దించాడు" అన్నాడు.

ఏప్రిల్ 23న కశ్మీర్ లోయంతా అలాగే మూసేసింది. వ్యాపార సంఘాలు పిలుపిచ్చాయి. పత్రికలు మొదటి పేజీని నల్లరంగుతో అచ్చువేశాయి. ఆ శుక్రవారం శ్రీనగర్ జామియా మసీదులో మృతుల కోసం మౌనం పాటించారు. మిలిటెంట్ల చేతిలో తండ్రిని పోగొట్టుకున్న మీర్వాయిజ్ ఉమర్ ఫారూఖ్ ఉన్న మసీదు అది. ముప్పై అయిదేళ్ళు ఇతరుల భయానికి దించిన షట్టర్లను, తెలియని బాటసారుల కోసం వాళ్ళే దించారు. ఆ ఒక్క రోజు తాళంచెవి వాళ్ళ చేతిలోకి వచ్చింది. "మనవాళ్ళు" అన్న మాటకు అర్థం నాకు ఆ రోజు దొరికింది.

కాని ఫోన్ పెట్టేసే ముందు అతను ఇంకో మాట అడిగాడు. "చలికాలం రావచ్చా మాస్టర్‌జీ?" ముస్సోరీలో శాలువాలు అమ్ముకునే కశ్మీరీలను కొట్టారన్న వార్త అతని దాకా వచ్చింది. చాలా ఊళ్ళలో కశ్మీరీ విద్యార్థులు గదుల్లోంచి బయటికి రావడానికి భయపడ్డారు. పదిహేనేళ్ళుగా వస్తున్న మనిషి మన ఊరికి రావడానికి నన్ను అనుమతి అడిగాడు. "రా భాయ్, నేనున్నా" అన్నాను. అని, ఫోన్ పెట్టేశాక ఆలోచించాను. నేనొక్కణ్ణి ఉంటే సరిపోతుందా? మీరుంటారా?

చివరి సంగతి. మూడో బెంచీ పిల్లవాడు ఇప్పుడు డిగ్రీ రెండో సంవత్సరంలోకి వచ్చాడు. మొన్న మన స్కాలర్‌షిప్ ఫారం మీద సంతకం కోసం ఇంటికొచ్చాడు. కూర్చోబెట్టి, ఇవాళ మీకు చెప్పిందంతా చెప్పాను. క్షమించమని కూడా అడిగాను. తల వంచుకుని విన్నాడు. తర్వాత అన్నాడు: "అప్పుడే చెప్పి ఉంటే బాగుండేది సార్. మీరు చెప్పలేదని నేను ఊరుకోలేదు. ఫోన్లో చూశాను. ఒకళ్ళు మీవాళ్ళంతా హంతకులే అన్నారు. ఇంకొకళ్ళు చంపినవాళ్ళంతా వీరులే అన్నారు. ఏది నమ్మాలో తెలియక రెండేళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు."

ఆ మాట నన్ను ఇంకా కోస్తూనే ఉంది. మనం నోరు మూసుకున్నంత మాత్రాన పిల్లవాడి ప్రశ్న ఆగదు. జవాబు చెప్పేవాడు మారతాడు, అంతే. మనం మూసిన షట్టర్ ముందు ఎవడో వచ్చి తన బండి పెట్టుకుంటాడు. ఈ పిల్లవాడు దేవుడి దయవల్ల తట్టుకున్నాడు. అందరూ తట్టుకుంటారని హామీ లేదు.

అందుకని దాతలైన మీకు రెండు విన్నపాలు. మొదటిది డబ్బుతో పని లేనిది. మీ పిల్లలు, మనవలు ఈ ప్రశ్న అడిగితే నాలాగా పుస్తకం తియ్యమనకండి. చంపినవాడు హంతకుడని, చనిపోయినవాడు మనవాడని స్పష్టంగా చెప్పండి. ఎవరో మనల్ని నిరూపించుకోమన్నారని కాదు, మన ఈమాన్ అడుగుతోంది కాబట్టి చెప్పండి. మసీదు కమిటీ పెద్దలు కూడా ఏడాదికొక జుమా ప్రసంగమైనా ఈ సంగతి మీద, పిల్లలకు అర్థమయ్యే భాషలో పెట్టించాలని కోరుతున్నాను.

రెండోది కొంచెం డబ్బు, కొంచెం ధైర్యం అడుగుతుంది. జకాత్ సొమ్ముకు షరీఅత్ నియమాలున్నాయి, వాటి జోలికి నేను వెళ్ళను. కాని సదఖా నిధి ఉంది. అందులోంచి ఏటా కొంత భాగం, హింసలో తండ్రినో తల్లినో పోగొట్టుకున్న ఏ బిడ్డ చదువుకైనా ఇద్దాం. ఆ ఫారంలో మతం అన్న గడి వద్దు. ఎవరి తూటా అన్న గడి అసలే వద్దు. శ్రీనగర్ ప్రిన్సిపాలమ్మ తన జీతంలోంచి ఇచ్చేటప్పుడు ఆ గడి చూడలేదు. ఈ నిధికి నా తరఫున ఒక నెల జీతం ఇస్తున్నాను. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు. బాకీ ఉన్నవాణ్ణి, వడ్డీ మన ధర్మంలో నిషేధం కాబట్టి, అసలే కొంచెం ఎక్కువ కట్టుకుంటున్నాను.

ఇన్‌షా అల్లాహ్, డిసెంబరులో మన బస్టాండులో శాలువాల మూటతో ఒక మనిషి దిగుతాడు. మీ షాపు ముందుకొచ్చి సలాం చెబుతాడు. అతన్ని లోపలికి పిలిచి, కుర్చీ వేసి, చాయ్ చెప్పండి. మీ షట్టర్ బార్లా తెరిచే ఉంచండి. పక్క షాపు హిందూ సోదరుణ్ణి కూడా పిలవండి, అతనికీ ఎన్నో ఏళ్ళ పరిచయమే. మన బజారు చూడ్డానికి చిన్నదే. కాని దాని తాళంచెవి ఇంకా మన చేతిలోనే ఉంది.

నిర్దోషంగా ప్రాణాలు పోగొట్టుకున్న వారందరి కుటుంబాలకు అల్లాహ్ ఓర్పునిచ్చుగాక. మన పిల్లల ప్రశ్నలకు నిజం చెప్పే ధైర్యం మనకిచ్చుగాక. ఆమీన్.